నాలుగు స్విచ్‌లు, ఒక్క సర్దార్

మన మంచిర్యాల మీదుగా ఢిల్లీ దిక్కు, మద్రాసు దిక్కు బండ్లు నేరుగా నడిచే రాస్తా 1929లో ఏర్పడింది. కాజీపేట-బల్హార్షా లైను పూర్తయింది అప్పుడే. బండిని ఒక పట్టా మీంచి ఇంకో పట్టాకు మళ్లించే కీలాన్ని మన రైల్వేవాళ్లు పాయింటు అంటారు, అమెరికావాళ్లు స్విచ్ అంటారు. ఆఫీసుల్లో కంప్యూటర్లను కలిపే డబ్బా పేరు కూడా స్విచ్చే. దాని పనీ అదే: వచ్చినదాన్ని సరైన దారిన పంపడం.

రెండింటి తారీఖ్‌లోనూ ఒకే సవాల్ కనిపిస్తుంది. ఒక్క స్విచ్‌ను సంభాళించడం ఆసాన్. పది ఉంటే, వాటన్నిటి మీద హుకుం ఎవరిది?

రైల్వే దీనికి ముందే జవాబు వెతుక్కుంది. పాయింటు ఒక దిక్కు, సిగ్నల్ ఇంకో దిక్కు చూపిస్తే హాదసా ఖాయం. అందుకే 1856లో ఇంగ్లండుకు చెందిన జాన్ సాక్స్‌బీ రెండింటినీ కలిపి కదిలించే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. దాన్నుంచే ఇంటర్‌లాకింగ్ పెరిగింది. ఒక లీవరు లాగితే, దానికి ఖిలాఫ్‌గా ఉన్న లీవరు కదలదు. పాయింట్లు ఎన్ని ఉన్నా ఇంతెజామ్ ఒక్కటే.

కంప్యూటర్ల వంతు 1990లో వచ్చింది. మొదటి ఈథర్‌నెట్ స్విచ్‌ను బజారులోకి తెచ్చిన అమెరికన్ కంపెనీ పేరు కల్పన. దాన్ని స్థాపించిన ఇద్దరిలో ఒకరైన వినోద్ భరద్వాజ్ మన దేశ మూలాలున్న మనిషి. కంపెనీకి తన బేగం పేరే పెట్టుకున్నాడు. ఆ స్విచ్‌కు ఏడు పోర్టులు. 1994లో కల్పనను సిస్కో కొనేసింది.

కంప్యూటర్లు పెరిగిన కొద్దీ ఏడు పోర్టులు ఏ మూలకూ చాలవు. స్విచ్ మీద స్విచ్ పేర్చారు. కానీ ఒక్కోదానికీ వేరే ఐపీ అడ్రస్, వేరే పాస్‌వర్డ్, వేరే సెట్టింగులు. పేర్చిన స్విచ్‌లను కలిపి నడిపే కోషిష్‌లు 1990లలోనే మొదలయ్యాయి. సిస్కో 2003లో క్యాటలిస్ట్ 3750తో పాటు స్టాక్‌వైజ్ తెచ్చాక ఆ పద్ధతి మషూర్ అయింది. తొమ్మిది స్విచ్‌ల దాకా వెనకవైపు ప్రత్యేకమైన కేబుళ్లతో గొలుసులా కలపొచ్చు. బయటి దునియాకు అవన్నీ ఒక్కటే స్విచ్, ఒక్కటే అడ్రస్.

లోపల మాత్రం ఒక సర్దార్ ఉంటాడు. ఇంజినీర్లు మాస్టర్ అంటారు. అతని సెట్టింగుల నకలు అందరి దగ్గరా ఉంటుంది కాబట్టి, అతను పడిపోతే ఇంకొకరు గద్దె ఎక్కుతారు. జానషీన్ ఎవరో ముందే చెప్పడానికి ప్రతి స్విచ్‌కూ 1 నుంచి 15 దాకా ఒక ప్రాధాన్యత అంకె ఇవ్వొచ్చు. ఎక్కువ అంకె ఉన్నదే వారసుడు. ఎవరూ ఏ అంకే ఇవ్వకపోతే అందరికీ 1. మిగతా షరతుల్లోనూ బరాబర్ అయితే, ఆఖరికి తక్కువ మ్యాక్ అడ్రస్ ఉన్నది గెలుస్తుంది. అది చాలాసార్లు గుంపులో అన్నిటికన్నా పాత డబ్బాయే. సలాహియత్ ఎవరూ అడగరు.

ఇంకో షరతు, గొలుసు గుండ్రంగా ఉండాలి. ఆఖరి స్విచ్ నుంచి మొదటిదానికి ఒక కేబుల్ తిరిగి రావాలి. అప్పుడు నడుమ ఒకటి పోయినా మిగతావి రెండో వైపు నుంచి కలిసే ఉంటాయి. ఆ కేబుల్ లేకుంటే గుంపు రెండు ముక్కలవుతుంది. సర్దార్ లేని ముక్క తనకో కొత్త సర్దార్‌ను ఎన్నుకుంటుంది. ఇద్దరికీ ఒకే అడ్రస్, ఇద్దరూ అదే హుకుం చలాయిస్తారు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని తెలుగులో అంటాం, ఉర్దూలోనూ అదే మాట ఉంది.

మా జిల్లాలో ఒక ఆఫీసులో సరిగ్గా ఇదే జరగడం చూశాను. నాలుగు స్విచ్‌ల వరస, తిరుగు కేబుల్ లేదు. రెండోదానికి కరెంటు పోయింది. అది నవంబరు. జిందగీ అంతా బాయిల పనిచేసి రిటైరైన ముసలోళ్లు లైఫ్ సర్టిఫికెట్ల కోసం పొద్దటి నుంచి లైన్లో ఉన్నారు. కిటికీ అవతలి నుంచి వినబడింది ఒక్కటే మాట: "సర్వర్ డౌన్". నిజానికి సర్వర్ సలామత్‌గానే ఉంది. దాని దగ్గరికి తీసుకుపోయే దారిలో ఇద్దరు సర్దార్లు తయారయ్యారు. సాయంత్రం దాకా ఎదురుచూసి, ముసలోళ్లు బస్సు కిరాయి పెట్టుకుని మళ్లీ రేపొస్తామని వెళ్లిపోయారు.

అక్కడ తక్కువైంది ఒక మీటరు కూడా లేని కేబుల్. దానితోపాటు ఒక అంకె, ఒక ఆదేశం. సాక్స్‌బీ కాలం నుంచి తారీఖ్ చెబుతున్నది ఇదే. అందరినీ ఒక్కటిగా నడపాలంటే, ఆ ఒక్కడు పడిపోయిన రోజు ఏమవుతుందో ముందే రాసి పెట్టుకోవాలి. మీ ఆఫీసులో ఈసారి "సర్వర్ డౌన్" అన్న మాట వినబడితే, తిరుగు కేబుల్ ఉందా, జానషీన్ పేరు రాశారా అని అడిగి చూడండి.