లిస్టర్ లెక్కగట్టిన పాలచుక్క

శస్త్రచికిత్సలో క్రిమిసంహారకాలకు బాట వేసిన వైద్యుడిగా జోసెఫ్ లిస్టర్ పేరు చాలామందికి తెలుసు. పాలను పులియబెట్టే సూక్ష్మజీవిని విడిగా పట్టి పెంచిందీ ఆయనే. సూక్ష్మజీవశాస్త్రంలో నాకు అన్నిటికన్నా అందంగా తోచే ప్రయోగం అది.

పులిసిన పాలలోంచి లాక్టిక్ ఆమ్లాన్ని స్వీడన్‌లో రసాయనవేత్త షీలే 1780లోనే వేరుచేశాడు. అది ఎలా పుడుతుందన్న తగాదా మాత్రం వందేళ్లయినా తెగలేదు. ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో శాస్త్రవేత్త పాశ్చర్ 1857లో ఇది జీవుల పని అన్నాడు. లీబిగ్ వంటి రసాయనవేత్తలు ఒప్పుకోలేదు. పాశ్చర్ రాతలు చదివిన లిస్టర్ 1865లో గ్లాస్గోలో కార్బాలిక్ ఆమ్లంతో గాయాలకు కట్లు కట్టడం మొదలుపెట్టాడు. కానీ ఫలానా మార్పుకు ఫలానా క్రిమే కారణమని రోగి ఒంటి మీద రుజువు చేయడం ఎలా? పాలైతే తోడుకున్నాయో లేదో చూడగానే తెలిసిపోతుంది.

అందుకే లిస్టర్ పులిసిన పాలచుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి అందులో క్రిములెన్ని ఉన్నాయో లెక్కగట్టాడు. ఆ లెక్కను బట్టి, చుక్కకు సగటున ఒక్క క్రిమే వచ్చేదాకా, కాచిన నీళ్లతో పలచన చేశాడు. చుక్క కొలతకు మరతో కదిలే పిచికారీ ఒకటి వాడాడు. అది మిల్లీలీటరులో వెయ్యో వంతు కన్నా చిన్న చుక్కను వదలగలదు. ఆ చుక్కల్ని కాచిన పాలున్న గ్లాసుల్లో వేసి, మూతపెట్టి ఉంచాడు. కొన్ని గ్లాసులు తోడుకున్నాయి. కొన్నిట్లో పాలు పాలుగానే ఉండిపోయాయి.

ఆయన గెలిచింది ఆ తోడుకోని గ్లాసులతోనే. కారణం పాలలో కరిగిపోయిన రసాయనమే అయితే ప్రతి చుక్కలోనూ కాస్తో కూస్తో ఉండాలి, గ్లాసులన్నీ తోడుకోవాలి. కొన్నే తోడుకున్నాయంటే అది విడివిడి రేణువులుగా ఉందన్నమాట. పైగా తోడుకున్న గ్లాసుల్లో కనిపించింది ఒకే రకం జీవి. దానికి బాక్టీరియమ్ లాక్టిస్ అని పేరు పెట్టాడు. ఇప్పుడు దాన్నే లాక్టోకాకస్ లాక్టిస్ అంటున్నాం. మన ఇళ్ల పెరుగులోనూ తరచు కనిపించేదే. 1877 అక్టోబరులో లండన్ కింగ్స్ కాలేజీలో శస్త్రచికిత్స ఆచార్యుడిగా చేరినప్పుడు తొలి ఉపన్యాసానికి ఆయన ఎంచుకున్న విషయం పులియడమే.

నాలుగేళ్లకు జర్మన్ వైద్యుడు కోచ్ గట్టి మాధ్యమం మీద సూక్ష్మజీవుల్ని పెంచే పద్ధతి చూపించాక ఇంత శ్రమ అక్కర్లేకపోయింది. 1890 ప్రాంతంలో కోపెన్‌హాగెన్‌లో స్టోర్క్, కీల్‌లో వైగ్‌మాన్ వెన్నకోసం మీగడకు శుద్ధమైన తోడు తయారుచేశారు. అదృష్టం మీద ఆధారపడిన డెయిరీ పని అప్పటినుంచి నమ్మకమైన పరిశ్రమగా మారింది.

లాక్టోకాకస్ లాక్టిస్‌లో కొన్ని రకాలు ఇతర బాక్టీరియాను చంపే పదార్థాన్ని తయారుచేస్తాయని లిస్టర్ బతికుండగా ఎవరికీ తెలియదు. 1930లలో న్యూజీలాండ్‌లో చీజ్ తోడు ఎందుకు పనిచేయడం లేదో వెతుకుతుంటే దాని జాడ దొరికింది. ఇంగ్లండ్‌లో మాటిక్, హిర్ష్ 1947లో దానికి నిసిన్ అని పేరు పెట్టారు. 1969లో ఆహారంలో వాడకానికి ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణుల ఆమోదం వచ్చింది. ప్రాసెస్డ్ చీజ్ పెట్టె మీద నిల్వకారకాల వరసలో 234 అన్న అంకె ఉంటే అది నిసినే.