ఎత్తు పెరిగితే తగ్గని కిరణం

1912 ఆగస్టు 7. తెల్లవారి ఆరు దాటింది. బొహీమియాలోని ఆసిగ్ దగ్గర హైడ్రోజన్ నింపిన బెలూన్ ఒకటి నేల విడిచింది. బుట్టలో ముగ్గురు: బెలూన్ నడిపే అధికారి, వాతావరణ పరిశీలకుడు, 29 ఏళ్ల ఆస్ట్రియా భౌతిక శాస్త్రవేత్త విక్టర్ హెస్. వాళ్లతో పాటు విద్యుదావేశాన్ని కొలిచే మూడు ఎలక్ట్రోమీటర్లు, పైన పీల్చుకోవడానికి ఆక్సిజన్.

ఎంత గట్టిగా మూసిపెట్టినా ఎలక్ట్రోమీటరులోని విద్యుదావేశం మెల్లగా కారిపోతుండేది. ఏదో కిరణం లోపలి గాలిని అయాన్లుగా విడగొడుతోందన్నమాట. నేలలోని రేడియోధార్మిక పదార్థాలదే ఆ పని అని చాలామంది నమ్మారు. అలాగైతే పైకి పోయేకొద్దీ తగ్గిపోవాలి కదా! 1910లో జర్మన్ జెసూట్ ఫాదర్ థియోడర్ వుల్ఫ్ తన మీటరును ఈఫిల్ టవర్ మీదికి మోసుకెళ్లాడు. 300 మీటర్ల ఎత్తున దాదాపు ఏమీ మిగలకూడదు. కింద ఉన్నదాంట్లో సగానికి పైగానే కనిపించింది.

హెస్ బుట్టలో ఉన్నవీ వుల్ఫ్ తరహా మీటర్లే. లోపల రెండు సన్నని తీగలు. ఆవేశం ఉన్నంతసేపూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, అది కారేకొద్దీ దగ్గరవుతాయి. ఊగే బుట్టలో, చలిలో, పలచబడుతున్న గాలిలో మైక్రోస్కోపుకు కన్ను ఆనించి ఆ ఎడం కొలవాలి. ఆ ఓపికకే దండం పెట్టాలి. మొదట అంకెలు కాస్త తగ్గాయి. తర్వాత పెరగడం మొదలైంది. ఐదు కిలోమీటర్లు దాటేసరికి నేల మీదకన్నా రెట్టింపును మించాయి. 5,350 మీటర్ల దాకా వెళ్లి, మధ్యాహ్నానికి బెర్లిన్ సమీపంలోని పీస్కోలో దిగారు.

అంటే కిరణాలు పై నుంచే వస్తున్నాయి. మరి సూర్యుడి నుంచా? ఆ ఏప్రిల్ 17న గ్రహణం వేళ కూడా హెస్ ఎగిరి చూశాడు. సూర్యుడు మరుగైనా కిరణాలు తగ్గలేదు. అంతకన్నా దూరం నుంచే రావాలి.

1914 నాటికి జర్మన్ శాస్త్రవేత్త వెర్నర్ కోల్‌హోర్‌స్టర్ బెలూన్‌లో 9 కిలోమీటర్లు దాటి అదే తేల్చాడు. కాస్మిక్ కిరణాలన్న పేరు అమెరికా శాస్త్రవేత్త మిలికన్ చలవ. హెస్‌కు నోబెల్ 1936లో, కార్ల్ ఆండర్సన్‌తో కలిపి.

ఈ వేటలో హైదరాబాద్‌కూ చోటుంది. భూమధ్యరేఖకు దగ్గరి అక్షాంశాల్లో భూమి అయస్కాంత క్షేత్రం తక్కువ శక్తి గల కాస్మిక్ కిరణాలను అడ్డుకుంటుంది. వాటి గోల లేకుండా మిగతావాటిని కొలవొచ్చు. టాటా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు దశాబ్దాలుగా ఇక్కడి నుంచి పెద్ద పెద్ద ప్లాస్టిక్ బెలూన్లు ఎగరేస్తున్నారు. పని ముగిశాక పరికరాలు పారాచూట్‌తో ఏ చేలోనో దిగుతాయి. కనిపిస్తే ముట్టుకోవద్దనీ, పోలీసులకు చెప్పమనీ ముందే ప్రకటనలిస్తారు.