గుట్టల మీద ఎగిరే కెమెరా

1976 సంక్రాంతికి అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచేనాటికి జూబ్లీహిల్స్ దాపునంతా బండరాళ్లూ ముళ్లపొదలే. పైనుంచి షాట్ కావాలంటే క్రేనన్నా ఎక్కాలి, గుట్టన్నా ఎక్కాలి.

తర్వాతెప్పటికో హెలీక్యామ్ వచ్చింది. రిమోట్‌తో నడిచే బుల్లి హెలికాప్టర్‌కి కెమెరా కట్టి, ఒకరు ఎగరేస్తుంటే ఇంకొకరు కెమెరా తిప్పేవారు. మోడల్ విమానాల వాళ్ల భయాలన్నీ దాంతోపాటే సెట్‌లోకి దిగాయి. పాత రేడియోల్లో ఒకే చానెల్ మీద రెండు రిమోట్లు ఆన్ అయితే గాల్లో ఉన్నది నేల కరవాల్సిందే. అందుకే మోడల్ క్లబ్బుల మైదానాల్లో ఆ చానెల్ నంబరు పిన్ను చేతిలో ఉన్నవాళ్లే రిమోట్ ముట్టుకోవాలన్న కట్టుబాటు ఉండేది. 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలతో ఆ బెడద తీరింది. ఎదురుగా వస్తున్న యంత్రానికి కుడిఎడమలు తారుమారు కావడం మాత్రం తీరలేదు. ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా ఒక్కోసారి వేలు తడబడుతుంది.

హెలీక్యామ్ తర్వాత వచ్చిన డ్రోన్లకు జూబ్లీహిల్స్ పక్కనున్న ఫిల్మ్‌నగర్ లాంటి ఎగుడుదిగుడు నేలతో ఇంకో చిక్కు. సిగ్నల్ పోతే డ్రోన్ తనంతట తానే వెనక్కి వస్తుంది, సరే. కానీ అది ఎత్తు లెక్కేసుకునేది పైకి లేచిన చోటి నుంచి. పల్లంలో లేపి, వెనక్కి వచ్చే ఎత్తు 30 మీటర్లే పెడితే? మధ్యలో గుట్టమీది అపార్ట్‌మెంట్ ఉన్న సంగతి దానికేం తెలుసు! అడ్డాన్ని పసిగట్టే సెన్సార్లు లేనిదైతే నేరుగా గోడకే.

ఇక నిబంధనల సంగతి. 2014 అక్టోబరులో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ప్రైవేటు డ్రోన్లను ఆపేసింది. 2021 ఆగస్టు నిబంధనలు ఆంక్షలు లేని గ్రీన్‌జోన్‌లో 400 అడుగుల దాకా ఎగరనిచ్చాయి. అయితే జూబ్లీహిల్స్ పక్కనే బేగంపేట విమానాశ్రయం. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కి తరలినా అక్కడి రన్‌వే మూతపడలేదు. అందుకే ఇక్కడ బ్యాటరీ బిగించకముందే డ్రోన్లకు ఎక్కడ అనుమతి ఉందో రంగుల్లో చూపే డిజిటల్ స్కై మ్యాప్ తెరిచి, నిలబడ్డ చోటు ఏ రంగులో ఉందో చూసుకోవాలి.