కేరళ పడవల కథ

అక్కాచెల్లెళ్ళారా, కుట్టుమిషను కొనడానికి మనం ఎన్ని షాపులు తిరుగుతాం? మా సంఘంలో అడిగితే అందరూ ఒకటే అన్నారు. బస్సు చార్జీ, ఆ రోజు పోయే కూలి లెక్కేసుకుంటే రెండో షాపుకి పోబుద్ధి కాదు. ఆ సంగతి షాపాయనకీ తెలుసు, అందుకే ధర దిగడు. ఈ వెతుకులాట ఖర్చు తగ్గితే ఏమవుతుందో కేరళ చరిత్రలో ఉంది.

1997 జనవరిలో ఒకరోజు వడకర రేవులో 11 మంది జాలర్లు కొనేవాళ్ళు లేక చేపలు పారబోశారు. అదే పూట 15 కిలోమీటర్ల లోపు రేవుల్లో 27 మంది బేరగాళ్ళు చేప దొరక్క తిరిగి పోబోతున్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఆ ఏడాదే కోళిక్కోడ్ వైపు సెల్‌ఫోన్ వచ్చింది, తర్వాత కన్నూర్, 2000లో కాసరగోడ్. జాలర్లు పడవలోంచే ధర కనుక్కొని రేవు ఎంచుకున్నారు. జాలరి లాభం 8 శాతం పెరిగింది, కొనేవాళ్ళకి ధర 4 శాతం తగ్గింది. రాబర్ట్ జెన్‌సెన్ అనే ఆర్థికవేత్త ఇది లెక్క తీశారు.

చేప ఏ రేవులోనైనా చేపే. పడవ అలా కాదు. కొన్నప్పుడు అన్నీ ఒకలాగే కనిపిస్తాయి, ఎన్నేళ్ళు నీటిమీద నిలుస్తుందో వాడితేగానీ తెలియదు. అందుకని ఎవరి ఊళ్ళో వడ్రంగి దగ్గర వాళ్ళే కొనేవాళ్ళు. పనితనం లేకపోయినా ఆయనకి గిరాకీ తప్పేది కాదు. ఫోన్ వచ్చాక చేపలు అమ్ముకోడానికి పరాయి రేవులకి పోయారు కదా, అక్కడ మాటల్లో ఎవరి పడవ ఎన్నాళ్ళు మన్నిందో తెలిసింది. ఇక మంచి పనివాడిని వెతుక్కుంటూ పోయారు. మంచివాళ్ళ పని పెరిగింది, కూలీలను పెట్టి పని పంచుకున్నారు. మన్నికతో లెక్కేస్తే పడవ చవకైంది. జెన్‌సెన్, నోలన్ మిల్లర్ కలిసి 2018లో ఇదంతా రాశారు.

నాసి పడవలు చేసినవాళ్ళు మాత్రం మూసేసుకున్నారు. ఇక్కడికి వచ్చేసరికి మా సంఘంలో అందరం గమ్మునైపోయాం. మనం కొనేవాళ్ళమే కాదు, అమ్మేవాళ్ళం కూడా. మా ఊళ్ళో మా ఆవకాయ కొంటున్నది రుచి బాగుండా, వేరేది తెలియకా? దీనిమీద పెద్ద గొడవే అయింది. చివరికి వచ్చే మండల సమావేశంలో మూడు ఊళ్ళ ఆవకాయలు పేర్లు రాయకుండా పెట్టి రుచి చూపించాలని తీర్మానం రాశాం. ఇద్దరు ఇంకా సంతకం పెట్టలేదు.