అయిదు తూటాలు, పన్నెండేళ్ళు

ఆత్మరక్షణ కోసం తుపాకీ అనగానే నాకు గుర్తొచ్చేది బెర్నార్డ్ గెట్జ్. మనలాగే ఇంజనీరు. 1981లో దొంగల చేతిలో దెబ్బలు తిన్నాడు. 1984 డిసెంబర్ 22న న్యూయార్క్ సబ్‌వేలో నలుగురు కుర్రాళ్ళు అయిదు డాలర్లడిగితే, లైసెన్సు లేని రివాల్వర్ తీసి అయిదుసార్లు కాల్చాడు. నలుగురూ గాయపడ్డారు, ఒకడికి నడుము కింద చచ్చుబడింది.

"నాకు భయమేసింది" అంటే చాలదు, ఆ పరిస్థితిలో వివేకమున్న మనిషి కూడా అలాగే భయపడేవాడా అన్నది చూడాలని 1986లో ఆ రాష్ట్రపు అత్యున్నత కోర్టు తేల్చింది. చివరి తూటా నాటికే ప్రమాదం తప్పిపోయిందని ప్రాసిక్యూషన్ వాదన. 1987లో జ్యూరీ హత్యాయత్నం నేరం లేదంది. లైసెన్సు లేని తుపాకీకి మాత్రం జైలు తప్పలేదు.

అయిపోయిందనుకున్నారా? 1996లో సివిల్ జ్యూరీ ఆ కుర్రాడికి 4.3 కోట్ల డాలర్లు కట్టమంది. గెట్జ్ దివాలా పిటిషన్ పెట్టుకున్నాడు.

అమెరికాలో తుపాకీ కొందామనుకునే మనవాళ్ళకి నేను చెప్పేదొకటే. గురి చూడ్డం ఎవరైనా నేర్పుతారు. ప్రమాదం తప్పిన క్షణాన వేలు ఆపడమే అసలు విద్య. ఆ తర్వాత పేలే ప్రతి తూటాకీ జవాబు చెప్పాల్సింది మనమే, అదీ ఏళ్ళ తరబడి.