గాజుటింటి అంజూర

పెనుకొండ, హిందూపురము, ధర్మవరము ప్రాంతముల ఎండలో పెరుగగల అంజూర చెట్టు చలిదేశములలో రాజోపచారములు పొందినదనిన మనకు వింతగా తోచును. సీమ అత్తి అనబడు ఈ చెట్టు మన మేడికి దాయాది. ఎండ దీనికి ప్రాణము. గడ్డకట్టు చలి గండము.

ఫ్రాన్సు ప్రభువు పదునాలుగవ లూయీకి అంజూరపండ్లపై మక్కువ మెండు. వెర్సాయిలో 1678–1683 నడుమ లా కెంతినీ అను ఉద్యానవేత్త రాజుగారి తోటను నిర్మించెను. అంజూరలను కొయ్యతొట్లలో పెంచి, శీతకాలమున కప్పు క్రిందికి చేర్చి, వసంతమున మరల వెలుపల నుంచెడివారు. ఇంగ్లండులో గాజుపై పన్ను 1845లో రద్దయిన పిమ్మట గాజుటిండ్లు మధ్యతరగతి గృహస్థులకును అందినవి. గాజు ఎండను లోనికి రానిచ్చి వేడిమిని వెలుపలికి పోనీయదు, కిటుకంతయు ఇదియే.

అంజూర పూలు కాయలోపలనే దాగియుండును. స్మిర్నా జాతికి చిన్న కందిరీగ పుప్పొడి మోయవలెను. సామాన్య జాతులకు ఆ యవసరము లేదు. కావుననే పురుగు చొరని గాజుటింటను పండ్లు కాసినవి.

మనకు ఆ చలిబాధ లేదు. పండు పక్వమగు వేళ వాన తగిలిన పగులును, పొడిగాలి మేలు. ఆ పొడిగాలి మన సీమలో సమృద్ధి. కొరత నీటిదే. 1565 తరువాత విజయనగర రాజధానియైన పెనుకొండ సీమలో నాటి ప్రభువులు, ఊరిపెద్దలు చెరువులు కట్టించినది అందులకే. చలిదేశమువారు వేడిమిని గాజుతో నిలుపుకొనిరి. మనవారు వానను కట్టతో నిలుపుకొనిరి. గాజు పగిలిన చెట్టొకటి పోవును. కట్ట తెగిన ఊరే పోవును. అంజూర నాటదలచువారు ముందుగా తమ ఊరి చెరువు పూడికను చూచిరావలెనని మా మనవి.