ఎవరి పాదానికి కొలత?

చెప్పుల షాపులో మనం అలవాటుగా చెప్పే 'ఆరు', 'ఏడు' నంబర్లు దేని లెక్క? అంగుళాలు కావు, సెంటీమీటర్లూ కావు. అవి బార్లీ గింజలు. మధ్యయుగాల ఇంగ్లండులో మూడు బార్లీ గింజల్ని కొసకి కొస తాకించి పేరిస్తే ఒక అంగుళం అన్నారు. బూటు ఒక సైజు నుంచి తర్వాతి సైజుకి పెరిగేది ఒక్క గింజంత, అంటే అంగుళంలో మూడో వంతు, దాదాపు 8.5 మిల్లీమీటర్లు. తెల్లవాళ్ళు వెళ్ళిపోయి ఇన్నేళ్ళయినా ఆ గింజ మాత్రం మన కాళ్ళ కిందే ఉండిపోయింది. ఫ్రెంచివాళ్ళది వేరే లెక్క. సెంటీమీటరులో మూడింట రెండు వంతుల్ని 'పారిస్ పాయింట్' అన్నారు. అట్టపెట్టెల మీద కనిపించే 37, 38, 39 అంకెలు అవే.

ఈ లెక్కల్లో ఒక తమాషా ఉంది. అవి అసలు పాదాన్ని కొలవవు. బూటుని ఏ మూస మీద బిగించి కుడతారో, 'లాస్ట్' అనే ఆ మూసని కొలుస్తాయి. అదీ పొడుగు ఒక్కటే. వెడల్పు, మడమ సన్నమా లావా, పాదం పైభాగం ఎత్తా పల్లమా, ఇవేవీ ఆ అంకెలో లేవు. అందుకే ఒక కంపెనీ ఆరు హాయిగా పట్టిన కాలికి ఇంకో కంపెనీ ఆరు కరుస్తుంది. అప్పుడు మనం బూటుని అనుమానించం. 'నా కాలే తేడా' అనుకుంటాం. చరిత్ర పాఠాలు చెప్పుకు బతికేదాన్ని కాబట్టి ఈ మాట వెనక ఏముందో తవ్వాలనిపించింది. ఆ మూస ఎవరి పాదాన్ని చూసి చెక్కారు?

1600 ప్రాంతం నుంచి దాదాపు రెండొందల ఏళ్ళు యూరప్‌లో కుడి ఎడమల తేడా లేకుండానే బూట్లు కుట్టారు. ఎత్తు మడమలు వచ్చాక రెండు కాళ్ళకీ రెండు మూసలు చెక్కడం కష్టమూ ఖర్చూ అయింది. తొడుక్కున్నవాళ్ళే నడిచి నడిచి కుడిదాన్ని కుడిగా, ఎడమదాన్ని ఎడమగా మలుచుకోవాలి. 19వ శతాబ్దం మొదట్లో మగవాళ్ళ బూట్లకి కుడి ఎడమలు తిరిగి వచ్చాయి. ఆడవాళ్ళ సన్నని జోళ్ళు మాత్రం చాలావరకు శతాబ్దం సగం దాకా ఒకే ఆకారంలో ఉండిపోయాయి. ఎక్కువ దూరం నడిచే పనిలేని కాలికి ఆ ఖర్చు ఎందుకనుకున్నారు కాబోలు.

కోసుగా ఉన్న ముక్కు, ఎత్తు మడమ అనగానే మనకి ఆడవాళ్ళ సోకే గుర్తొస్తుంది. నిజానికి రెండూ మొదట మగవాళ్ళ దర్జా. ఎత్తు మడమ ఇరాన్ గుర్రపురౌతులది, రికాబులో కాలు జారకుండా. అక్కడినుంచి యూరప్ రాజాస్థానాల మగవాళ్ళకి పాకింది. కోసుముక్కు బూట్లు 14వ శతాబ్దంలో ఇంగ్లండు మగవాళ్ళకి ఎంత పిచ్చిగా పట్టాయంటే, 1463లో హోదా తక్కువవాళ్ళు రెండంగుళాలు మించి ముక్కు పెట్టుకోకూడదని చట్టమే చేశారు. బొటనవేలు పక్కవేళ్ళ మీదికి వాలిపోయి, దాని మొదట్లో ఎముక బుడిపెలా పొడుచుకొచ్చే బాధ మనలో చాలామందికి తెలుసు. కేంబ్రిడ్జిలో తవ్వి తీసిన 177 అస్థిపంజరాల మీద పరిశోధన 2021లో వెలువడింది. 11 నుంచి 13 శతాబ్దాల వాళ్ళలో ఈ బుడిపె 6 శాతం మందికి ఉంటే, కోసుముక్కులు వచ్చాక, 14, 15 శతాబ్దాల వాళ్ళలో 27 శాతానికి పెరిగింది. చర్చి ఫాదరీలూ తప్పించుకోలేదు. ఆ సోకుని మగవాళ్ళు వదిలేసి మనకి అప్పజెప్పారు, బుడిపెతో సహా.

చిన్న పాదం అందమన్న ఊహకి ఇంకా పొడుగాటి చరిత్ర ఉంది. పోగొట్టుకున్న చెప్పు ఎవరి కాలికి పడుతుందో ఆమే పెళ్ళికూతురన్న కథ చైనాలో 9వ శతాబ్దం నాటికే రాతలోకి ఎక్కింది. ఫ్రాన్సులో పెరో 1697లో దాన్ని సిండ్రెల్లాగా చెప్పాడు. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన కథలో సవతి అక్కలు ఒకామె వేలు, ఒకామె మడమ కోసుకుంటారు. ఇంగ్లీషు మీడియం పిల్లలకి ఆ కోత లేకుండా, గాజు చెప్పుతో చెబుతారు. నాకు కోత ఉన్న కథే నిజాయితీగా అనిపిస్తుంది. చెప్పుకి సరిపడా పాదాన్ని తయారుచేసుకోమన్నదే దాని సారం.

మనకి ఆ కథ అక్కర్లేకుండానే పాదం మీద నిఘా ఉంది. బొటనవేలికన్నా పక్కవేలు పొడుగుంటే ఆ పిల్ల మొగుణ్ణి ఏలుతుందంటారు. నా పక్కవేలు పొడుగు. పెళ్ళిచూపులనాడు కుచ్చిళ్ళు పాదాల మీదికి లాక్కుని కూర్చోమని మా నాయనమ్మ ముందే హెచ్చరించింది. మొగుడి సంగతి అలా ఉంచండి. పాదం పొడుగుని మడమ నుంచి అన్నిటికన్నా పొడుగైన వేలి కొస దాకా కొలవాలి, బొటనవేలి దాకా కాదు. బొటనవేలి దగ్గర నొక్కి చూసి 'సరిపోయింది మేడం' అన్నారంటే నాలాంటివాళ్ళకి ఆ పక్కగోరు నల్లబడిందన్నమాటే.

కొలత సంగతిలో ఒక పెద్ద అడుగు అమెరికాలో పడింది. 1920ల్లో సిరక్యూజ్‌లో చెప్పుల షాపు నడుపుతున్న కుటుంబంలోని చార్లెస్ బ్రాన్నాక్ ఒక లోహపు పలక తయారుచేశాడు. అది పొడుగునీ వెడల్పునీ చూడటమే కాక, మడమ నుంచి బొటనవేలి మొదటి కీలు దాకా ఎంతుందో కూడా చూస్తుంది. బూటు వంగేది అక్కడ. ఆ కీలు బూటులో అన్నిటికన్నా వెడల్పైన చోట కుదురుకోవాలి. వేళ్ళకి జాగా ఉన్నా కీలు తప్పుచోట పడితే ఆ బూటు మనది కాదు. అదే రోజుల్లో ఎక్స్‌రే యంత్రాలూ వచ్చాయి. పిల్లల కాళ్ళు అందులో పెట్టించి ఎముకలు చూపించి బూట్లు అమ్మేవాళ్ళు. 1957లో పెన్సిల్వేనియాతో మొదలై ఒక్కొక్కచోటా నిషేధించారు. పలక మాత్రం నిలిచింది.

అయితే పలక ఎంత బాగా కొలిస్తే ఏం, కొలతకి తగ్గ బూటు షాపులో లేకపోతే? అమెరికా సైన్యం సేకరించిన పాదాల కొలతలు తీసుకుని వండర్లిచ్, కావనా అనే ఇద్దరు పరిశోధకులు 2001లో ఒక విషయం తేల్చారు. ఆడవాళ్ళ పాదం మగవాళ్ళ పాదాన్ని చిన్నది చేసిన నకలు కాదు. ఒకే పొడుగున్న రెండు పాదాల్లో కూడా బొటనవేలి దగ్గరా, పాదం వంపు దగ్గరా, బయటి అంచు దగ్గరా ఆకారం తేడాగా ఉంది. మగ మూసని తగ్గించి ఆడ బూటు చెయ్యడం తప్పని చెప్పారు. సైన్యం దగ్గర ఆడవాళ్ళ కొలతలు ఉన్నాయి కాబట్టే ఈ సంగతి తెలిసింది. కొలతలే లేని చోట మగ పాదమే మనిషి పాదం.

నాకది పుస్తకంలో చదవకముందే తెలుసు. ఊళ్ళు తిరిగి పాత రికార్డులు చూసే పనికోసం తోలు బూట్లు కొనబోతే, ఒక పెద్ద షాపులో లేడీస్ బూట్లు ఏడుతో ఆగిపోయాయి. నాది ఎనిమిది. షాపు కుర్రాడు నొచ్చుకుంటూనే జెంట్స్ ఎనిమిది తెచ్చాడు. పొడుగు సరిపోయింది. మడమ మాత్రం అడుగడుక్కీ లేచి వస్తోంది. 'రెండు సాక్సులు వేసుకోండి మేడం' అన్నాడు. మా కాలేజీలో పెరేడ్‌కి వెళ్ళే అమ్మాయిలకీ అదే సలహా. ముందు దూది కుక్కుకుని, రెండేసి సాక్సులతో ఎర్రటి ఎండలో కవాతు చేసి, సాయంత్రానికి బొబ్బలతో క్లాసు మెట్లు ఎక్కలేక ఎక్కేవాళ్ళు. అమ్మాయిలకి ఓపిక తక్కువని ఒక మాట కూడా పడేవాళ్ళు.

చివరికి నా బూట్లు బస్టాండు దగ్గర చెట్టుకింద కూర్చునే పెద్దాయన కుట్టాడు. కూర్చుని కాలు చాపితే ఒప్పుకోలేదు. 'నిలబడమ్మా, బరువు పడితేనే పాదం విచ్చుకునేది' అన్నాడు. నేలమీద కాగితం పరిచి, పెన్సిలు నిటారుగా పట్టి చుట్టూ గీత గీశాడు. రెండో కాలూ పెట్టమన్నాడు, రెండూ ఒక్కలా ఉండవని. పొద్దున వెళ్తే సాయంత్రం రమ్మన్నాడు, నడిచిన పాదం ఉబ్బి ఉంటుంది కాబట్టి. ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ వదిలాడు. తోలు వాడగా వాడగా అడ్డంగా సాగుతుందనీ, నిలువునా సాగదనీ, అందుకే పక్కలు కాస్త బిగువుగా ఉన్నా ఫరవాలేదు గాని వేళ్ళు తగిలితే తీసుకోవద్దనీ చెప్పాడు. విదేశీ పుస్తకాల్లో ఫిట్టింగు గురించి నేను చదివిందంతా ఆ అరగంటలో ఉంది.

ఈ విద్య ఎవరిదో మనకి తెలుసు. ఆరె, రంపె పట్టుకున్న చేతుల్ని అంటరానివన్న సమాజం, ఆ చేతులు కుట్టిన చెప్పుల్లో దర్జాగా కాళ్ళు పెట్టింది. నిజాం కాలపు తెలంగాణలో దొరలకి చెప్పులూ వ్యవసాయానికి తోలు సామానూ మాదిగలు వెట్టిగా ఇవ్వాలి. గడీ ముందునుంచి వెళ్ళేటప్పుడు మాత్రం తమ చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి. తంగేడు చెక్కా, లందా, నానిన తోలు వాసనా ఆ ఇళ్ళ ఆడవాళ్ళ పనిలోనూ భాగమే. పై కులాల ఆడవాళ్ళకీ చెప్పు సులువుగా దక్కలేదు. మా నాయనమ్మ ఉత్త కాళ్ళతోనే పోయింది. 1886లో అమెరికాలో డాక్టరు పట్టా పుచ్చుకున్న ఆనందీబాయి జోషీ, మరాఠీ రచయిత్రి కాశీబాయి కానిట్కర్ బూట్లు తొడుక్కుని గొడుగులు పట్టుకుని వీధిలో నడిస్తే జనం రాళ్ళు రువ్వారు. బూటూ గొడుగూ మగవాడి అధికార చిహ్నాలు మరి. అయితే ఈ రెండు ఉత్త కాళ్ళూ ఒకటి కావు. మా నాయనమ్మని మర్యాద పేరుతో ఆపారు, మాదిగ ఆడమనిషిని దెబ్బల భయంతో ఆపారు.

తొడుక్కునేవాళ్ళ సంగతి ఇది. కుట్టేవాళ్ళలో సగం కథ కూడా ఆడవాళ్ళదే. అమెరికాలో లిన్ పట్టణం బూట్లకి పేరు. పైతోలు ముక్కల్ని ఇళ్ళలో కూర్చుని కుట్టింది ఆడవాళ్ళు. 1860 ఫిబ్రవరి 22న అక్కడ మొదలైన పెద్ద సమ్మెలో, మార్చి 7న మంచు కురుస్తుంటే వందలాదిమంది స్త్రీలు ఊరేగింపు తీశారు. ఇంటి కూలి, ఫ్యాక్టరీ కూలి కలిపి ఆడవాళ్ళ రేటు పెంచాలని ఫ్యాక్టరీ అమ్మాయిలు అడిగితే, మగ నాయకులు మగవాడి కూలి పెరిగితే కుటుంబం గడుస్తుందనే వాదనవైపే నిలబడ్డారని చరిత్రకారిణి మేరీ బ్లూయిట్ వివరంగా రాసింది. 1869లో అదే ఊళ్ళో స్త్రీలు 'డాటర్స్ ఆఫ్ సెయింట్ క్రిస్పిన్' అని సొంత సంఘం పెట్టుకున్నారు. మనకి ఇదేం దూరపు కథ కాదు. తమిళనాడులో ఆంబూరు చుట్టుపక్కల ఇళ్ళ అరుగుల మీద ఆడవాళ్ళు యూరప్ వెళ్ళే బూట్ల పైతోళ్ళు చేత్తో కుట్టి జతకింత అని తీసుకుంటున్నారు. ఆ మూసల మీద యూరప్ అంకెలే ఉంటాయి.

మన పాదాలకి మన కొలత కావాలని చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధనా సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా 79 చోట్ల లక్షమందికి పైగా పాదాల్ని యంత్రాలతో కొలిచింది. 2024లో 'భ' అనే పద్ధతిని ప్రతిపాదించింది. మన పాదం యూరప్, అమెరికా పాదాలకన్నా వెడల్పని తేలింది. ఆడపిల్ల పాదం పదకొండేళ్ళకే ఎదుగుదల పతాకస్థాయికి చేరుతుందనీ, మగపిల్లవాడికి అది పదిహేను, పదహారేళ్ళకనీ తేలింది. ఆడవాళ్ళకి విడిగా వర్గం ఉండటం నాకు నచ్చింది. కాని అందులో వెడల్పులు ఎన్ని రకాలుగా వస్తాయన్నదే నా ప్రశ్న. చెప్పుల్లేకుండా పొలంలో నడిచిన పాదం, ఏసీ గదిలో ఉన్న పాదం ఒక్కలా విచ్చుకోవు. పొడుగుకి ఒక అంకె ఇచ్చి చేతులు దులుపుకుంటే మళ్ళీ బార్లీ గింజ దగ్గరికే వచ్చినట్టు.

ఆ వార్త చదివాక ఒక సాయంత్రం పెరేడ్ నుంచి వచ్చిన అమ్మాయిల్ని స్టాఫ్ రూములో కాగితాల మీద నిలబెట్టి, పెద్దాయన చూపించినట్టే పెన్సిలు నిటారుగా పట్టి గీతలు గీశాను. రెండు కాళ్ళూ విడివిడిగా, కీలు దగ్గర అడ్డగీతతో. ఆ కాగితాలు జతచేసి, ఈ కొలతలకి బూట్లు తెప్పించండని ఆఫీసుకి ఒక కాగితం పెట్టాం, అమ్మాయిలందరి సంతకాలతో. పక్కవేలు పొడుగున్నవాళ్ళు ముగ్గురు తేలారు.